మూడో రౌండులో ఏం జరిగిందో, ముందు అది మాట్లాడుకుందాం

విజయవాడ ట్రాఫిక్ విభాగంలో పనిచేస్తున్న ఒక కానిస్టేబుల్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, స్టేషను వివరాలు వేయవద్దని కోరారు. వేయడం లేదు.

ఆయన వయసు 39. ఉద్యోగంలోకి ఎంపికైంది 2009లో. అప్పట్లో మగవాళ్లకు ఐదు కిలోమీటర్ల పరుగు ఉండేది, 25 నిమిషాల్లో ముగించాలి. ఈయన 19 నిమిషాల్లో ముగించి, గీత దాటాక కూడా ఊపు ఆగక ఇంకొంత దూరం పరిగెత్తారట. ఇప్పుడు బరువు 96 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. బెల్టుకు చివరి రంధ్రం కూడా చాలకపోతే, చెప్పులు కుట్టే అతని దగ్గర కూర్చుని కొత్తది పొడిపించుకున్నారు. రెండు నెలల కిందట చేయించుకున్న పరీక్షల్లో రక్తపోటు 156/98, పరగడుపు షుగరు 168, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చాయి. డాక్టరు మాత్రలు రాశారు. పది రోజులు వేసుకుని మానేశారు. ఆ కాగితాలు ఇప్పటికీ బండి డిక్కీలోనే ఉన్నాయి. ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే మామగారూ పోలీసే, డ్యూటీలో ఉండగానే కుప్పకూలి పోయారు. భార్య ఆ భయంతోనే, ఏదైనా ఆఫీసు పనికి మారిపొమ్మని ఏడాదిగా బతిమాలుతున్నారు.

అక్క కొడుకు ఈయన ఇంట్లోనే ఉండి కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. తెల్లవారుజామున ఇందిరాగాంధీ స్టేడియంలో 1600 మీటర్లు సాధన చేస్తాడు. "మామయ్యా, మీరు కూడా రండి" అని వాడు పిలిస్తే ఈయన వెళ్లారు. జిమ్ములో పనిచేసే మిత్రుడు "కొవ్వు కరిగించే పొడి" అని ఒక డబ్బా ఇచ్చాడు. మామయ్య వాడుతున్నారు, అల్లుడూ వాడుతున్నాడు. దసరా బందోబస్తు ఐదు వారాల్లో ఉంది. హెడ్ కానిస్టేబుల్ పదోన్నతి జాబితాలో పేరు దగ్గరపడింది. ఆయన అడిగినవి మూడు: దసరాలోపు పది కిలోలు తగ్గేదెలా? షుగరు, బీపీ సంగతి సీఐ గారికి చెప్పాలా, దాచాలా? భార్య మాట విని ఆఫీసు పనికి మారితే పిరికితనం అవుతుందా?

తమ్ముడూ, మీ మూడు ప్రశ్నలకూ వస్తాను. కానీ మీరు అడగని విషయం ఒకటుంది. మూడో పేజీ అడుగున, జిమ్ము డబ్బా ధరకూ మేనల్లుడి సాధనకూ మధ్యలో ఒక్క వాక్యం రాశారు: "పన్నెండు రోజుల కిందట మూడో రౌండులో ఛాతీ మీద బండరాయి పెట్టినట్టయింది, ఎడమ భుజం లాగింది, చెమటలు పోశాయి, ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గింది, గ్యాస్ అని అల్లుడికి చెప్పాను." గుంటూరులో ముప్పై ఏళ్లుగా జబ్బులు చూస్తున్నదాన్ని. ఆ వాక్యం చదివాక మిగతా ఉత్తరం నా చేతిలో నిలవలేదు. మళ్లీ కూర్చుని చదవడానికి కొంత సమయం పట్టింది.

శ్రమపడినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బిగుతును గ్యాస్ అనుకోవడానికి వీల్లేదు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం పరిగెత్తినప్పుడు సరిపోదు. ఆ లోటు బిగుతుగా, బరువుగా, భుజంలోకి పాకే నొప్పిగా తెలుస్తుంది. శ్రమ ఆపితే అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. మీకు జరిగింది అచ్చంగా ఇలాగే ఉంది. అదే అని ఉత్తరం చూసి తేల్చలేను, కాకపోవచ్చు కూడా. కానీ బీపీ, షుగరు, నడుము కొవ్వు మూడూ ఉన్న 39 ఏళ్ల మనిషికి అది కాదని పరీక్ష చేసి చెప్పాలి తప్ప ఊహించుకుని ఊరుకోకూడదు. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే సగటున ఐదారేళ్లు ముందే వస్తుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. "నాకింకా నలభై రాలేదు" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

కాబట్టి ఈ జవాబు చదివిన రోజే గుండె డాక్టరును కలవండి. మీరుండే తాడేపల్లి నుంచి విజయవాడ ప్రభుత్వాసుపత్రి అయినా, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) అయినా దూరం కాదు. డిక్కీలోని కాగితాలు తీసుకెళ్లండి. స్టేడియంలో జరిగింది నాకు రాసినట్టే చెప్పండి: ఎన్నో రౌండు, ఎక్కడ బిగిసింది, ఎంతసేపటికి తగ్గింది. గ్యాస్ అన్న మాట మాత్రం మీరు వాడకండి, ఆ మాట వింటే ఎదుటివారి ఆలోచన కూడా అటు మళ్లుతుంది. ఒక్క ఈసీజీ తీసి బాగుందంటే ఇంటికి వచ్చేయవద్దు. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ మామూలుగా ఉండి, లోపల నాళం మూసుకుపోతున్న వాళ్లను నేను చూశాను. ఎకో అనే గుండె స్కానింగు, ట్రెడ్‌మిల్ పరీక్ష, లేదా ఇంకేమైనా కావాలా అన్నది డాక్టరు తేలుస్తారు. అప్పటిదాకా పరుగు లేదు, మెట్లెక్కి పందేలు లేవు, ఆ డబ్బా లేదు. మధ్యలో కూర్చుని ఉన్నప్పుడే బిగుతు వచ్చినా, కాసేపట్లో తగ్గకపోయినా, ఊపిరాడకపోయినా బండి తీయకండి, 108కి ఫోను చేయండి.

ఇంకొకటి కూడా మామూలుగా రాసి వదిలేశారు. నైటు ముగించుకుని వస్తుంటే వారధి మీద ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయనీ, లారీ హారనుకు మెలకువ వచ్చిందనీ. మీ గురక గురించి మీ ఆవిడ అన్న మాట కూడా రాశారు, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని ఆమె భయపడుతున్నారని. ఈ రెండూ ఒకే తీగకు కాసినవి కావచ్చు. మెడ చుట్టూ కొవ్వు పెరిగితే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, ఊపిరి ఆగి, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇలా జరుగుతుంటే మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోనట్టే. బీపీ మందులకు లొంగకపోవడానికి, షుగరు మొండికేయడానికి కూడా ఇది కారణమవుతుంది. డాక్టరు దగ్గర ఈ గురక సంగతీ చెప్పండి, నిద్ర పరీక్ష చేయించమని అడగండి. నిద్ర కోసం డ్యూటీ దిగాక తాగుతున్నానన్న మద్యం ఈ గొంతు దారిని ఇంకా వదులు చేస్తుంది. అది నిద్ర పట్టిస్తుంది గానీ నిలవనివ్వదు.

మీరు ట్రాఫిక్‌లో ఉన్నారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమయ్యే లెక్క ఒకటి చెబుతాను. రాత్రి బండ్లు ఆపి గొట్టం ఊదిస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే కేసు రాస్తారు. మనిషి 17 గంటలు ఏకధాటిగా మేలుకుంటే చేయి, కన్ను, నిర్ణయం అన్నీ దాదాపు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతాయని ప్రయోగాల్లో తేలింది. దసరాలో మూల నక్షత్రం రోజు అన్ని గంటలు మేలుకుని, బందోబస్తు ముగించుకుని వారధి ఎక్కే కానిస్టేబుల్, ఒక్క చుక్క తాగకపోయినా, 30 గీత అప్పుడే దాటి తన చేతికి చిక్కిన మనిషి కంటే ప్రమాదకరమైన స్థితిలో బండి నడుపుతున్నాడు. అలాంటి రోజుల్లో స్టేషనులో గంట పడుకుని బయలుదేరండి, లేదా మేనల్లుణ్ణి పిలిపించుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఐదు వారాల్లో పది కిలోలు తగ్గే దారి నాకు తెలిసి క్షేమంగా లేదు. వారానికి అరకిలో, ముప్పావు కిలో చొప్పున దసరాకు మూడు కిలోలు తగ్గితే అది మంచి తగ్గుదల. అది చిన్నదని కొట్టిపారేయకండి. మీ బరువులో ఐదు శాతం, అంటే ఐదు కిలోల లోపే తగ్గితే షుగరు, బీపీ రెండూ కదులుతాయి. "మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి, అందుకే మానేశాను" అని రాశారు. ఆ భయం ఎందరి నోటనో విన్నాను. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, షుగరు బయటపడి ఆరేళ్లు దాటని వారికి వైద్యుల కనుసన్నల్లో బాగా బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు ఆ జబ్బు హద్దు కిందికి వచ్చింది. మీకు బయటపడింది రెండు నెలల కిందట. అవకాశం ఉన్న కాలంలోనే మీరున్నారు. మాత్ర ఆ అవకాశాన్ని మూసేయదు. మీరు బరువు తగ్గించుకునే లోపు కళ్లనూ కిడ్నీలనూ కాపలా కాస్తుంది. బరువు దిగి, పరీక్షలు మెరుగైతే డాక్టరే తగ్గిస్తారు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: "నా భోజనం ఒక్కోరోజు ఒంటిగంటకు, ఒక్కోరోజు నాలుగింటికి. ఇది తిండి ఆలస్యమైతే షుగరు పడిపోయేలా చేసే మాత్రా?" మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్ లాంటివి అయితే భయం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక హెడ్ కానిస్టేబుల్ గారిని అర్ధరాత్రి నా దగ్గరికి తీసుకొచ్చారు. పికెట్‌లో, అంటే ఒకచోట కాపలా డ్యూటీలో ఉన్నారు. ఎనిమిదింటికి మాత్ర వేసుకున్నారు, భోజనం పొట్లం పదకొండు దాటినా రాలేదు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు. తోటివాళ్లు తాగారనుకున్నారు, ఆయన పై అధికారి ముందు నిలబడి మందలింపు కూడా తిన్నారు. షుగరు చూస్తే 48. గ్లూకోజు ఎక్కించిన పది నిమిషాలకు లేచి కూర్చుని, ఆయన మొదట అడిగింది "నా టోపీ ఏదండీ" అని. అప్పటి నుంచి ఖాకీ వేసుకున్నవారు ఎవరు వచ్చినా పాకెట్‌లో గ్లూకోజు పొట్లం ఉందా అని అడుగుతాను. పక్కనున్న వాడికి మీకు షుగరు ఉందని తెలియకపోతే, ఆ పది నిమిషాల్లో మీకు ఎవరూ సాయం చేయలేరు. దాచడం గురించి మీరు అడిగారే, ఆ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది.

తిండి దగ్గరికి వద్దాం. మీ రోజువారీ లెక్క రాసి పంపడం మంచి పని చేశారు. అన్నం గురించి మీరు పడుతున్న బాధ కంటే నన్ను ఎక్కువ ఆపింది టీ. డ్యూటీలో ఎనిమిది టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు. చెంచాకు ఐదు గ్రాముల లెక్కన రోజుకు 80 గ్రాముల చక్కెర, నెలకు రెండు కిలోల పైమాట. చక్కెర లేని టీ మొదటి పది రోజులు కషాయంలా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ముందు అది మార్చండి. తర్వాత పొట్లం. బందోబస్తులో పులిహోరో సాంబారన్నమో వస్తుంది, దాన్ని మీరు మార్చలేరు. కానీ ఇంటి నుంచి రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక కీరా డబ్బాలో పెట్టుకుని, ముందు అవి తిని, తర్వాత పొట్లంలో సగం తినగలరు. మాంసకృత్తులు, కూర ముందు తిని అన్నం తర్వాత తింటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక పది నిమిషాలు నడవగలిగితే ఇంకా మంచిది. మీకు కూడలికి ఈ చివర నుంచి ఆ చివరకు నడక ఎలాగూ ఉంది. ఆవకాయ, గోంగూర మానమని చెప్పను గానీ, బీపీ ఉన్నప్పుడు అన్నం మొత్తం వాటితోనే కలపడం మానండి.

నీళ్లు. ఒకసారి మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఎండలో కారు ఆగిపోయి అరగంట నిలబడ్డాను. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి సీసా మూత తీసి, పెదవులు తడుపుకుని మళ్లీ మూత పెట్టేసింది. అడిగితే, దగ్గరలో బాత్‌రూము లేదండీ అంది. మీరూ అదే రాశారు, మధ్యాహ్నం దాకా నీళ్లు తాగనని. నడివేసవి ఎండలో తారు రోడ్డు మీద అలా నిలబడితే కిడ్నీ రాళ్లు, వడదెబ్బ ఎదురొస్తాయి. షుగరు ఎక్కువ ఉన్న ఒంట్లోంచి నీరు ఇంకా వేగంగా పోతుంది. బీపీకి ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ చేసేవి ఉంటాయి, మీది ఎండలో నిలబడే ఉద్యోగమని డాక్టరుకు చెప్పాలి. మీరు పది రోజుల్లో మాత్రలు మానేయడానికి మరో కారణంగా చెప్పిన కళ్లు తిరగడం కూడా నీళ్లు తాగక వచ్చిందేమో చూడాలి. దగ్గరలోని పెట్రోలు బంకునో, దుకాణాన్నో అడిగి బాత్‌రూము ఏర్పాటు చేసుకోవడం సిగ్గుపడే పని కాదు. ఆ కూడలిలో పనిచేసే ఆడవాళ్లకు కూడా అది మీరు చేసిన మేలవుతుంది.

పాదాల మాట ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. షుగరు ఉన్నవాళ్ల అరికాళ్లలో స్పర్శ మెల్లగా తగ్గుతుంది. పన్నెండు గంటలు బూట్లలో నిలబడే మనిషికి చిన్న పొక్కు లేచినా తెలియదు, అది పుండయ్యాక తెలుస్తుంది. రాత్రి బూట్లు విప్పాక నేల మీద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోండి, వేళ్ల మధ్య తడి తుడవండి. రోజూ సాక్సు మార్చండి. నిలబడి ఉన్నప్పుడు గంటకోసారి ఇరవై మార్లు మడమలు ఎత్తి దించండి. పిక్క కండరం ముడుచుకున్నప్పుడల్లా కాళ్లలో నిలిచిన రక్తాన్ని పైకి నెడుతుంది. మీరు రాసిన ఆ నీలం నరాల ఉబ్బు పెరగకుండా ఇది కొంత ఆపుతుంది.

ఇక ఆ డబ్బా. మీరు పంపిన ఫోటోలో తయారీదారు చిరునామా కనబడలేదు, ఏమేమి కలిపారో పూర్తిగా లేదు. ఇలాంటి పొడుల్లో ఎక్కువగా ఉండేవి కెఫీన్, గుండెను పరిగెత్తించే ఇతర ఉత్తేజకాలు. చెమట పడుతుంది, ఆకలి చస్తుంది, దాన్నే కొవ్వు కరగడం అంటారు. 156/98 ఉన్న గుండెకు అది కొరడా దెబ్బ. మీ సంగతి సరే, మేనల్లుడి మాట ఏమిటి? వాడు అడక్కపోయినా మీరే ఇచ్చారని రాశారు. ఈ రోజే వాడి ముందే ఆ డబ్బా పారబోయండి, ఎందుకు పారబోస్తున్నారో చెప్పండి. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు గంటలో పది కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పలువురు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒంటికి అలవాటు లేని శ్రమ, ఉక్కపోత, దాని మీద ఉత్తేజకాలు కలిస్తే పాతికేళ్ల వాడైనా తట్టుకోలేడు. మీ అల్లుడికి కావలసింది 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో, అంటే రౌండుకు రెండు నిమిషాలు. అది పొడితో రాదు, మొదటి రౌండులో దూకుడు తగ్గించుకుని నాలుగు రౌండులూ ఒకే వేగంతో పరిగెత్తడం నేర్చుకుంటే వస్తుంది. ఆ విద్య మీకు తెలుసు.

మీ వ్యాయామం సంగతి గుండె డాక్టరు ఇచ్చే మాటను బట్టి ఉంటుంది. అనుమతి వచ్చాక నడకతో మొదలుపెట్టండి, పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. వారానికి 150 నిమిషాలు లక్ష్యం, అది ముప్పై నిమిషాలు ఐదు రోజులు కావచ్చు, పది నిమిషాల ముక్కలూ కావచ్చు. వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి చేసే దండాలు. మీరు 22 ఏళ్ల వయసులో పరిగెత్తిన పరుగును కొలబద్దగా పెట్టుకుని ఇప్పటి ఒంటిని తిడుతున్నారు. ఇప్పటి ఉద్యోగం మీ నుంచి ఆ పరుగు అడగడం లేదు. పది గంటలు నిలబడగల నడుము, గొలుసు దొంగ వెనక వంద మీటర్లు ఉరకగల కాళ్లు, జనం తోసుకొచ్చినప్పుడు చిరాకుపడని నిద్ర తీరిన బుర్ర అడుగుతోంది. ఈ మూడూ నలభైలలో సంపాదించుకోదగినవే.

రెండో ప్రశ్న, చెప్పాలా దాచాలా. గుండె పరీక్షల్లో ఏదైనా తేలితే ఈ ప్రశ్న మిగలదు. వైద్య ధ్రువపత్రం పెట్టి సెలవు తీసుకుంటారు. సగం జీతం సెలవును (హాఫ్ పే లీవు) కమ్యూటెడ్ లీవుగా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, దసరాకు మీ చోట మరొకరు నిలబడతారు. అమ్మవారి కొండ దగ్గర ఏర్పాటు మీ ఒక్కరి మీద ఆధారపడి లేదు.

గుండె బాగుందని తేలి, షుగరు, బీపీ మాత్రమే మిగిలితే దారులు మూడున్నాయి. ఎవరికీ చెప్పకుండా సొంత డబ్బుతో బయట వైద్యం చేయించుకోవచ్చు. అప్పుడు నోళ్లు మూసుకుని ఉంటాయి, కానీ పోలీసులకున్న 'ఆరోగ్య భద్రత' లాంటి వైద్య ఖర్చుల సదుపాయం కింద రేపు ఏదైనా పెద్ద ఖర్చు వస్తే వెనకటి కాగితాలు ఉండవు. పైగా డ్యూటీలో షుగరు పడిపోయిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు, మీరు చూశారుగా ఆ హెడ్ కానిస్టేబుల్ గారి కథ. రెండో దారి, యూనిట్ ఆసుపత్రిలో నమోదు చేయించుకుని, సీఐ గారికి వ్యక్తిగతంగా చెప్పడం. "మందులు మొదలుపెట్టాను సార్, పనికి ఇబ్బంది లేదు, ఈ నెల నైట్ల మధ్య కొంత విరామం ఉండేలా చూడండి" అని అడగవచ్చు. కొందరు అధికారులు వెంటనే సర్దుతారు, కొందరు చూద్దాం అని పక్కన పెడతారు. వెనక నుంచి ఒకరిద్దరు "పని ఎగ్గొట్టడానికి జబ్బు" అనవచ్చు, అది వినాల్సి వస్తుంది. పదోన్నతి ఆగిపోతుందని మీ భయం. నా దగ్గర షుగరు మందులు వాడుతూనే హెడ్ కానిస్టేబుళ్లు, ఏఎస్సైలు అయినవారు చాలామంది ఉన్నారు. మందులతో అదుపులో ఉన్న షుగరు కంటే, రోడ్డు మీద కుప్పకూలిన మనిషి సర్వీసు రికార్డే ఎక్కువ ప్రశ్నలు పుట్టిస్తుంది. మూడో దారి మధ్యలోది: పైవాళ్లకు ఇప్పుడే చెప్పకుండా, మీ పాయింటులో పక్కన నిలబడే ఒక్క నమ్మకస్తుడికి చెప్పి, గ్లూకోజు ఎక్కడ ఉందో చూపించడం. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ దిగిన కాగితం చేతికి వచ్చాక సీఐ గారికి చెబితే మాట బరువు వేరుగా ఉంటుంది. నా మొగ్గు రెండో దారికి. మీ అధికారి స్వభావం మీకు తెలుసు కాబట్టి, మూడోది ఎంచుకున్నా తప్పుపట్టను. మొదటిది మాత్రం ఎంచుకోవద్దని గట్టిగా కోరుతున్నాను.

ఆఫీసు పని గురించి. అది పిరికితనమా అని అడిగారు. కాదు. మందు కూడా కాదు. స్టేషను రికార్డులు రాసే రైటర్ దగ్గరో, కంట్రోల్ రూములోనో పడితే తిండి వేళకు దొరుకుతుంది, ఎండ తప్పుతుంది, పొగ తప్పుతుంది. కానీ అక్కడ కూర్చునే గంటలు ఎక్కువ, టీలు ఇంకా దగ్గర, కంట్రోల్ రూముకు నైట్లు తప్పవు. కూడలిలో రోజుకు మీరు నడిచే నాలుగైదు కిలోమీటర్ల నడక పోతుంది. అక్కడికి వెళ్లాక పది కిలోలు పెరిగి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. నిద్ర పరీక్షలో గురక జబ్బు తీవ్రంగా ఉందని తేలితే మాత్రం నైట్లు లేని చోటు కోసం ప్రయత్నించడం మంచిదనే అంటాను, కొన్నాళ్లకైనా. లేకపోతే తొందరపడి నిర్ణయించుకోవద్దు. 2019 జూన్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ తెచ్చారు. బందోబస్తుల్లో అది ఎంతవరకు దక్కుతుందో మీకే తెలుసు. దక్కిన రోజున మటుకు పరీక్షలకూ నిద్రకూ వాడుకోండి, ఇంటి పనులన్నీ దాని నెత్తిన రుద్దకండి.

మిగిలింది మీ ఆవిడ. ఆమెకు చెబితే భయపడుతుందని దాచారు. ఆమె ఇప్పటికే భయపడుతూనే ఉంది తమ్ముడూ. రాత్రుళ్లు మీ ఊపిరి ఆగిందా అని మేలుకుని వింటున్న మనిషి ఆమె. తండ్రిని అలా పోగొట్టుకున్న అమ్మాయికి అసలు ఏం జరుగుతోందో తెలియకపోవడం, జబ్బు పేరు తెలియడం కంటే ఎక్కువ నరకం. డిక్కీలోంచి ఆ కాగితాలు తీసి ఆమె చేతికి ఇవ్వండి. స్టేడియం సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఆమె ఏడుస్తుంది, బహుశా కోప్పడుతుంది. ఆ తర్వాత గుండె డాక్టరు దగ్గరికి మీతో పాటు ఆమే వస్తుంది. మీరు గ్యాస్ అని తేల్చేయబోతే, పక్కన కూర్చుని నిజం చెప్పే మనిషి డాక్టరుకు దొరుకుతుంది.

మేనల్లుడితో స్టేడియానికి వెళ్లడం మానకండి. అక్కడ స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గర నిలబడి, ప్రతి రౌండు సమయం కేక వేసి వాడికి చెప్పండి. పరీక్షల ఫలితాలు రాగానే, రాసిచ్చిన మాత్రల పేర్లు, మీ నైట్ల వరుస కలిపి మళ్లీ రాయండి. ఏ మాత్ర ఏ షిఫ్టులో ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు నేను రాసిస్తాను.